పన్ను లేని మంట

గిన్నెవలసలో తెలివిగలవాళ్ళెవరని అడిగితే ఊరంతా ఒకే ఇల్లు చూపించేది. చూపించి నవ్వేది. ఆ నవ్వు మెచ్చుకోలనుకుని మీసం దువ్వుకునేవాడు ఆ ఇంటి పెద్ద గవిరయ్య. ఎంత ఎండలోనైనా తలపాగా బిగించే కట్టేవాడు. వదులైతే లోపలి తెలివి ఆవిరైపోతుందని అతని భయం. తమ్ముళ్ళు బంగారయ్య, సూరప్పడు చెరో రెండు చుట్లు తక్కువ కట్టేవారు. అన్న కంటే తెలివి ఎక్కువ దాచుకోవడం మర్యాద కాదు గదా! గవిరయ్య భార్య పార్వతాలు తలపాగా కట్టదు కనుక తనకు తోచిన తెలివిని తోచిన క్షణమే నోటితో బయటపెట్టేసేది. పాడైపోకుండా.

వాళ్ళది బెల్లం వండే ఇల్లు. అరెకరం చెరకు, ఒక గానుగ, దాన్ని తిప్పడానికి ఒక ఎద్దు, రసం కాచడానికి తాతలనాటి ఇనప పెనం. ఆ ఏడు పెనం అడుగు జానెడు మేర బీటలు తీసింది. పెనం లేనిదే బెల్లం లేదు. బెల్లం లేనిదే ఏడాది పొడుగునా ఇంట్లో గింజ ఉండదు. కొత్త పెనం యాభై రూపాయలు. గవిరయ్య పెట్టె బోర్లించినా అయిదు రూపాయలు రాలవు. ఎంత తెలివిగలవాడైనా ఆ ఒక్క దిగులుతో అతనికి అన్నం సయించేది కాదు.

ఇలా ఉండగా తలారి వచ్చి డప్పు వాయించాడు.

గిన్నెవలస చుట్టూ కొండలే. దివాణం వారి ఇనప కొలుములూ, షావుకార్ల సున్నపు బట్టీలూ రాత్రింబవళ్ళు మండేవి. ఆ పొగ కొండ దాటలేక ఊరి నెత్తినే పేరుకునేది. ఎండలు ముదిరాయి, వానలు దారి మరిచాయి. దొరగారు ఆలోచించి ఒక కట్టడి చేశారు.

"ఇందుమూలంగా తెలియజేసేది ఏమనగా! ఆకాశంలోకి పొగ వదిలినవాడు పన్ను కట్టాలి. ఎంత కాలిస్తే అంత పన్ను. కొలిమైనా ఒకటే, కుంపటైనా ఒకటే. వచ్చిన సొమ్ములో దివాణం దమ్మిడీ ముట్టదు. పున్నమినాడు ఇంటికో వాటా, అందరికీ సమానంగా పంచేస్తారహో!"

పక్కింటి అచ్చియ్యమ్మ ఒంటరి ముసలిది. ఆమెదీ బెల్లం వంటే. విన్న వెంటనే కుండెడు బంకమట్టి కలిపి, తన పొయ్యి నోరు సగానికి మూసింది. సగం కట్టెలతోనే అంత మంటా వస్తుంది. తక్కువ కాలిస్తే తక్కువ పన్ను, వాటా మాత్రం షావుకారుతో సమానం. ఇంత చిన్న సంగతి. పసిపిల్లకు చెప్పినా అర్థమవుతుంది. కానీ మనవాళ్ళు పసిపిల్లలు కారు, తెలివిగలవాళ్ళు.

"అచ్చియ్యమ్మ ఎర్రిది. పొయ్యి నోరు మూస్తే ఏటొస్తాది? తలారి ఏటన్నాడు? ఆకాశంలోకి వదిల్తేనే పన్నన్నాడు" అన్నాడు గవిరయ్య.

"వొదలకపోతే నేదన్నమాటే!" అంది పార్వతాలు.

అంతే. తలుపులు బిగించారు, కిటికీలో పరుపు కుక్కారు, చూరు సందులన్నీ పేడతో అలికేశారు. లోపల పొయ్యి రాజేశారు. ఇంకేముంది, గడియలో ఒకరికొకరు కనపడలేదు. బంగారయ్య అన్నం కుండ అనుకుని సూరప్పడి తల మీద గరిటె వేశాడు. సూరప్పడు అది పైకప్పనుకుని "అన్నయ్యా, ఇల్లు కూల్తంది" అని కేక వేశాడు. దగ్గి దగ్గి గవిరయ్య ప్రాణం గొంతులోకొచ్చింది. అయినా అతని మనసు ఎంత పొంగిందో చెప్పలేం. ఒక్క పోగు పొగ బయటికి పోలేదు!

దివాణం గుమాస్తా పేరయ్య వచ్చి తలుపు తట్టాడు. తలుపు తీశారు. రెండు రోజుల పొగ గుమాస్తా మొహం మీంచి ఆకాశంలోకి వెళ్ళింది.

"అయ్యో, మొత్తం తవరే వొదిలీసినారు బావూ! ఇప్పుడు పన్ను తవరు కట్టాల" అన్నాడు గవిరయ్య జాలిగా.

పేరయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "ఓరి నాయనా, పొగను నేనెక్కడ కొలుస్తాను? కాల్చినదాన్ని తూస్తాను. మణుగు కట్టెలకు రూపాయి. బొగ్గు, పిడకలు, చెరకు పిప్పి, వీటికీ పన్నుంది. చావడి గోడ మీద పట్టీ రాయించాం, చదివించుకోండి. తక్కువ కాల్చుకోండి, వాటా మిగులుతుంది. ఈసారి వాటా ఇంటికి అరవై దాకా రావచ్చు."

అరవై అనగానే గవిరయ్యకు కొత్త పెనం కళ్ళకు కట్టినట్టు కనిపించింది. యాభై పెట్టి పెనం, పది పెట్టి బియ్యం. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. "బావూ, ఇల్లంటే మీ లెక్కలో ఏటి?" అని అడిగాడు.

"ఏముంది, పొయ్యి వెలిగేదే ఇల్లు" అని మాటవరసకు అనేసి పేరయ్య దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు.

గవిరయ్య తలపాగా ఇంకో చుట్టు బిగించాడు. "విన్నార్రా? పొయ్యి వెలిగితే ఇల్లు. పదకొండు పొయ్యిలెలిగితే?"

"పదకొండిల్లు! పదకొండు వాటాలు!" అని గెంతాడు సూరప్పడు.

"పెనాలు పదకొండు కొనీవొచ్చు" అని బంగారయ్య చేతులు రెండూ చాపి చూసుకున్నాడు. వేళ్ళు ఒకటి తక్కువొచ్చాయి. అది అన్నయ్య చూసుకుంటాడులే అనుకున్నాడు.

ఇంటి నిండా పొయ్యిలు లేచాయి. పడకింట్లో మూడు, వసారాలో నాలుగు, ఎద్దు కొట్టంలో రెండు, తులసికోటకు అటొకటి ఇటొకటి. గుమాస్తా ఎప్పుడొస్తాడో తెలియదు కనుక అన్నీ మండుతూనే ఉండాలి. వండడానికి గింజల్లేవు కనుక ఖాళీ కుండలెక్కించారు. పది రోజులు రేయింబవళ్ళు గాలి వండారు. అచ్చియ్యమ్మ గోడ మీంచి తొంగిచూసి, "ఏటిరా గవిరీ, పొయ్యి పొయ్యికీ పన్ను తగలడతాది గదా!" అంది. గవిరయ్య పకపకా నవ్వాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

పేరయ్య వచ్చాడు. పొయ్యిలు చూశాడు, పైకప్పు చూశాడు. "కప్పు ఒకటి, కుటుంబం ఒకటి. ఇల్లు ఒకటే. కాల్చిన కట్టెలు మాత్రం నలభై మణుగులు. పున్నమికి ముందే నలభై రూపాయలు కట్టాలి."

ఇంకేముంది, ఎద్దును అమ్మారు. నలభై వచ్చింది, నలభై పోయింది. ఎద్దు వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళింది. ఆ ఇంట్లో కాస్త ఆలోచించే జీవం అదొక్కటే, అదీ పోయింది. గవిరయ్యకు ఆ పూట నిజంగానే ఏడుపొచ్చింది. తువ్వాలుతో మొహం ఒత్తుకుని, "పొగకి కళ్ళు మండతన్నాయి" అన్నాడు.

అయినా దొరగారి మాట తప్పలేదు. పున్నమినాడు చావడిలో ఇంటింటికీ వాటా పంచారు. అందరికంటే ఎక్కువ పన్ను కట్టిన సున్నపు బట్టీ షావుకారుకూ ఒకటే వాటా, ఎనిమిది రూపాయలే కట్టిన అచ్చియ్యమ్మకూ ఒకటే వాటా. గవిరయ్య చేతిలోనూ పది రూపాయల కాగితపు చీటీలు ఆరు పడ్డాయి, దివాణం ముద్రతో. శుక్రవారం సంతలో ఆ చీటీలిచ్చి ఏదైనా కొనుక్కోవచ్చు. చేసిన వెధవపనులన్నిటి తర్వాత కూడా పెనం అతని చేతికందే దూరంలో ఉంది. చీటీలు తలపాగాలో దోపుకున్నాడు, తెలివి పక్కనే.

అచ్చియ్యమ్మకు పాపం మనసాగలేదు. "శుక్రారం సంతకెల్లి పెనం తెచ్చుకోండి. పెనం వొచ్చీలోగా అన్నీ సిద్ధం సేసుకోండి" అంది.

అన్నీ అంటే అన్నీనే గదా! బుధవారం చెరకంతా నరికేశారు. గురువారం తెల్లారకుండానే గానుగకు ఎద్దు బదులు బంగారయ్యనీ సూరప్పణ్ణీ కట్టారు. అన్నయ్య అదిలిస్తుంటే తమ్ముళ్ళు రంకె వేసి మరీ తిప్పారు. అలా రంకె వేస్తేనే గానుగ తిరుగుతుందని వాళ్ళ నమ్మకం. మధ్యాహ్నానికి అరెకరం చెరకూ రసమైపోయింది. కుండలు, బానలు, గాబు, చివరికి చెంబులు కూడా నిండిపోయాయి.

అచ్చియ్యమ్మ వచ్చి చూసి నెత్తి బాదుకుంది. "ఓలమ్మో! రసం పొద్దుటికి పులిసిపోతాదర్రా! పెనం రేపు గదా వొచ్చీది! ఉండండి, నా పెనం కాళీ సేసి ఇస్తాను. పొద్దుగూకీలోగా నా వొంట దిగిపోతాది" అని ఇంటికి పరిగెత్తింది.

మంచి మాట. పట్టుమని రెండు గడియలు ఆగితే చాలు. కానీ గవిరయ్యకు ఒకరి పెనం మీద వండటం నామోషీ. ఊళ్ళో ఏమనుకుంటారు, తెలివిగలవాళ్ళ ఇల్లు! బీట పెనాన్నే పొయ్యి మీదికి ఎత్తించి, బీటకు మట్టి మెత్తాడు.

"మరి మంటో? కట్టెలకి పన్ను, పిప్పికి పన్ను" అంది పార్వతాలు.

గవిరయ్య మళ్ళీ ఆలోచించాడు. అతను ఆలోచించినప్పుడల్లా ఇంట్లో ఒక వస్తువు తగ్గుతుంది. "సూరప్పడా, సావిడి గోడ మీద పట్టీ సదివించుకుని రా. ఏటేటి కాలిస్తే పన్నో అడుగు."

సూరప్పడు పరిగెత్తి వెళ్ళి పరిగెత్తి వచ్చాడు. "కట్టెలు, బొగ్గు, పిడకలు, పిప్పి. అంతేనన్నయ్యా!"

"కాయితం?"

"నేదు!"

గవిరయ్య మెల్లగా తలపాగాలోకి చెయ్యి పెట్టాడు.

ఆరు చీటీలూ పొయ్యిలో పెట్టి అంటించాడు. పెళపెళా మండాయి. పార్వతాలు పెనంలోకి రసం పోసింది. వేడికి మట్టి పెచ్చు ఊడింది, బీట నోరు తెరిచింది, బానెడు రసం పొయ్యిలోకి దిగింది. మంట చుయ్యిమని ఆరిపోయి, గుప్పున పొగ లేచింది.

ఆ పొగ చూసి చావడి నుంచి పేరయ్య పరుగున వచ్చాడు. వెనకాలే అచ్చియ్యమ్మ, కడిగిన పెనం నడుముకు ఆనించుకుని. పొయ్యి ముందు గవిరయ్య నిటారుగా నిలబడి ఉన్నాడు. జన్మలో అంత గర్వం అతనికెప్పుడూ కలగలేదు.

"సూడండి బావూ, తూకం ఎయ్యండి. కట్టె నేదు, బొగ్గు నేదు, పిడక నేదు, పిప్పి నేదు. పన్నెంత?"

పేరయ్య పొయ్యిలోకి వంగి పుల్లతో కదిపాడు. తడిసిన బూడిదలో దివాణం ముద్ర సగం ముక్క కనిపించింది. పుల్ల అవతల పారేశాడు.

"పన్నేమీ లేదు" అన్నాడు.

"ఇన్నావా అచ్చియ్యమ్మా! నువ్వు ఎనిమిది రూపాయలు కట్టినావు. ఈ మంటకి మేం దమ్మిడీ కట్టనేదు!" అని తమ్ముళ్ళ భుజాలు చరిచాడు గవిరయ్య. ముసలిదానికి నవ్వాలో ఏడవాలో తెలియక పెనం కింద దించి, దాని అంచు మీదే కూలబడింది.

పేరయ్య వెనుదిరిగాడు. గుమ్మం దాటబోతుంటే గవిరయ్య వెనకే వెళ్ళి, వినయంగా చేతులు కట్టుకుని, రహస్యంలా చెప్పాడు.

"బావూ, ఒక్క మాట దొరగారి సెవినెయ్యండి. వొచ్చే పున్నానికి ఆ సీటీలు కూసింత మందంగా ఇప్పించండి. ఇవి మరీ బేగి కాలిపోతన్నాయి."