వల్లభయ్య తెచ్చిన జనం

వసంతోత్సవాల రెండో రోజు పెద్దిరాజు కోట మీంచి వీధిలోకి చూసి మురిసిపోయాడు. ఇసుక వేస్తే రాలనంత జనం!

"ఇంతమందిని మన ఊరికి రప్పించిందెవరో నాకు ఇప్పుడే తెలియాలి" అన్నాడు సభలోకి వస్తూనే.

అనడమే ఆలస్యం, వల్లభయ్య లేచాడు. ఊళ్ళోని పూటకూళ్ళ ఇళ్ళకు బాటసారులను కుదిర్చే దళారి అతను. నోరు విప్పేముందు మీసం ఒకసారి దువ్వుకోందే మాట రాదు.

"తమ దాసుడే, ప్రభూ! నేను చెప్పందే ఈ ఊళ్ళో ఒక్క బాటసారి చాప పరవడు."

"అన్యాయం, మహారాజా!" అంటూ పూటకూళ్ళ ఎర్రమ్మ ముందుకొచ్చింది. "'గదులన్నీ కలిపి తీసుకుంటున్నాను, టోకు ధర' అంటూ ఇతను అద్దె సగానికి కోస్తాడు. ఆ సగంలో మళ్ళీ పావు వంతు తన దళారీ తరగని లాక్కుంటాడు. తను తెచ్చినవాళ్ళకైతే సరే. నా పులుసు వాసనకి వాళ్ళంతట వాళ్ళు వచ్చినా ఇవ్వాల్సిందేనట! ఇలాగైతే ఇంక నా పొయ్యిలో పిల్లి లేవదు."

"వాళ్ళూ నా పేరు విని వచ్చినవాళ్ళేనమ్మా" అని నవ్వాడు వల్లభయ్య.

ఎవరు ఎవర్ని చూసి వచ్చారో తేల్చడం ఎలా? రాజు తన కొలువులోని సింగన్న వైపు చూశాడు. చిక్కుముడి ఏదైనా చివరికి చేరేది అతని దగ్గరికే.

సింగన్న వల్లభయ్యకు వంగి దండం పెట్టాడు.

"అయ్యా, ఊళ్ళో దిగినవాళ్ళందరూ తమరు తెచ్చినవాళ్ళేనా?"

"అందరూ!"

"అమ్మయ్య, బతికించారు. వీళ్ళ గుర్రాలు రాజుగారి మామిడితోటలో పడ్డాయంటే, ఆ నష్టానికి ఎవర్ని పట్టుకోవాలా అని సతమతమవుతున్నాను. తెచ్చినవాడే కదండీ పూచీ!"

వల్లభయ్య ముఖం పాలిపోయింది. ఆ తోటంటే రాజుకు ప్రాణమని ఊరందరికీ తెలుసు.

"ఎవరి... ఎవరింట్లో దిగినవాళ్ళు?"

"ఎర్రమ్మగారింట్లో అనుకోండి."

"వాళ్ళా? వాళ్ళ ముఖాలే నేనెరగను! పులుసు కోసం వచ్చుంటారు."

"పోనీ, చావడి వీధిలో దిగినవాళ్ళు?"

"వాళ్ళూ వాళ్ళంతట వాళ్ళే వచ్చారు!"

"మరి కోటగుమ్మం పక్క..."

"ప్రభూ, నా మాట నమ్మండి! ఈ ఊరికి నేను ఒక్క పురుగునైనా తేలేదు!" అంటూ వల్లభయ్య రాజు కాళ్ళ మీద పడ్డాడు.

సింగన్న రాజు వైపు తిరిగాడు.

"విన్నారుగా ప్రభూ! తేని బేరానికి తరగేమిటి?"

"అది సరేనయ్యా, నా తోట మాటేమిటి?" రాజు కంగారుగా సింహాసనం దిగాడు.

"పడ్డాయంటే అన్నాను కానీ, పడ్డాయన్నానా? ఆకు కూడా రాలలేదు."

సభంతా ఘొల్లుమంది. రాజైతే పొట్ట పట్టుకుని నవ్వాడు. పుచ్చుకున్న తరగంతా పొద్దుగుంకేలోగా ఎవరిది వాళ్ళకి ఇచ్చెయ్యమని వల్లభయ్యను ఆజ్ఞాపించి, తన భుజం మీది జరీ శాలువా తీసి స్వయంగా సింగన్నకు కప్పాడు.