పేరు అడిగిన బూదవ్వ

ఎన్నడో ఒకనాటి మాట. ఎన్నడని నన్నడగొద్దు. మా అవ్వ నాకు చెప్పలేదు, వాళ్లవ్వ ఆమెకు చెప్పలేదు. దుబ్బగూడెంలో బూదవ్వ అని ఒకామె ఉండేది. ఇంటింటికీ తిరిగి విసుర్రాళ్లకు కక్కు కొట్టేది. కక్కు అంటే రాతి మీద ఉలితో పెట్టే గాట్లు. అవి అరిగిపోతే గింజ నలగదు. ఆమెకు ముందూ వెనకా ఎవరూ లేరు.

అదే ఊళ్లో చంద్రవ్వ మూడేళ్ల కొడుకు జ్వరమొచ్చి పోయాడు. ఆనాటి నుంచి చంద్రవ్వ మాట్లాడలేదు. వైద్యుడు వచ్చి కషాయం ఇచ్చాడు. మాట్లాడలేదు. మంత్రగాడు వచ్చి తాయెత్తు కట్టాడు. మాట్లాడలేదు. తల్లి వచ్చి, "ఉన్నోళ్ల కోసమన్న లేవు బిడ్డా" అని బతిమాలింది. మాట్లాడలేదు. తిండి తగ్గి పుల్లలా అయిపోయింది.

ఇంట్లోవాళ్లు పిల్లవాడి బొంత దాచేశారు. వాడి పేరెత్తడం మానేశారు. వింటే ఆమె ఏమైపోతుందోనని వాళ్ల భయం.

ఒకనాటి పొద్దున ఆ ఇంటికి బూదవ్వ వచ్చి కక్కు కొట్టింది. అయ్యాక చంద్రవ్వ అత్తను పిలిచింది.

"రాయి ఎట్ల నడుస్తదో చూడాలె. ఇంకో చెయ్యి కావాలె. నీ కోడల్ని కూసోవెట్టు."

"అది ఎవ్వలతోని మాట్లాడదు" అంది అత్త.

"మాట నాకెందుకు? చెయ్యి చాలు."

చంద్రవ్వను తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. ఆమె పిడి ముట్టుకోలేదు. బూదవ్వ ఒక్కతే గుప్పెడు జొన్నలు విసిరి, పిండి నాలుక మీద వేసుకుని చూసింది.

"పిండిల రాతిపొడి ఇంక పోలేదు. రేపొస్త."

రెండోనాడు చంద్రవ్వ పిడి మీద చెయ్యి పెట్టింది. రాయితో పాటు చెయ్యి తిరిగింది, అంతే.

"ఇంక పోలె. రేపొస్త."

మూడోనాడు చంద్రవ్వ తానే బలంగా లాగి విసరసాగింది. బూదవ్వ రాయి మీద నుంచి చూపు తిప్పకుండా అడిగింది.

"బిడ్డ పేరేందమ్మా?"

జొన్నలు చెరుగుతున్న అత్త చేట ఆగిపోయింది.

"మల్లేశు" అంది చంద్రవ్వ.

"ఎట్లుండెటోడు?"

చంద్రవ్వ చెప్పింది. కోడిపిల్లను దుప్పట్లో పండబెట్టుకునేవాడట. అమ్మా అనకుండా, నాయన పిలిచినట్టే "చంద్రీ" అని పిలిచేవాడట. చెబుతూ ఏడ్చింది, ఏడుస్తూ విసిరింది. ఏడవద్దని బూదవ్వ అనలేదు. కొంతసేపటికి అత్త కూడా వచ్చి పక్కన కూర్చుంది.

"పండుకునెటప్పుడు నా చెవి పట్టుకునెటోడు" అంది.

జొన్నలు అయిపోయాయి. బూదవ్వ ఉలీ సుత్తీ తీసుకుని లేచింది.

"అవ్వా, అందరు దాసిన పేరు నువ్వెందుకడిగినవ్?" అంది చంద్రవ్వ.

"నాకూ ఒక బిడ్డ ఉండె. పోయి ముప్పై ఏండ్లాయె. దాని పేరు నన్నెవ్వలు అడగలె."

చంద్రవ్వ ఆమె చెయ్యి పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టింది.

"పేరేందవ్వా?"

"సుక్క" అంది బూదవ్వ. ఉలీ సుత్తీ కింద పెట్టింది. మెల్లగా ఆ బిడ్డ సంగతులు చెప్పసాగింది. ఆ రోజు ఆమె ఇంకో ఇంటికి పోలేదు.

కొన్నేళ్లకు బూదవ్వ పోయింది. ఏడ్చేందుకు చుట్టాలు లేరు. మూడోరోజు చంద్రవ్వ ఊళ్లో ఆడవాళ్లను తీసుకుని ఆమె గుడిసె ముందు కూర్చుంది.

"పోయినామె పేరేంది?" అని అడిగింది.

వాళ్లు చెప్పారు. ఎవరికి తెలిసిన సంగతి వాళ్లు చెప్పారు. చివరికి చంద్రవ్వ, "ఆమె బిడ్డ పేరు సుక్క" అంది. అది అక్కడ ఎవరికీ తెలియదు.

ఇప్పుడు దుబ్బగూడెంలో పిండి గిర్నీ ఉంది. కక్కు కొట్టేవాళ్లు లేరు. కానీ ఎవరింట్లో మనిషి పోయినా, మూడోరోజు ఇరుగుపొరుగు వెళ్లి కూర్చుంటారు. ఊరుకోమని చెప్పరు. పోయినవాళ్ల పేరు అడుగుతారు. పుట్టినప్పటి నుంచీ తాము ఎరిగిన మనిషే అయినా సరే, అడిగి, చెప్పినంతసేపూ వింటారు.