సింహాద్రి ఎత్తిన బస్తా

“ఒక గడ్డను చూసి, దీంతో భయం లేదని ఎప్పుడు నిబ్బరంగా చెప్పొచ్చు సార్?” అని హౌస్ సర్జన్ వైదేహి అడిగింది. తనకు పని నేర్పే మాస్టారు డాక్టర్ పుండరీకాక్షయ్యగారిని ప్రశ్న అడగడమంటే పని కొనితెచ్చుకోవడమే. “ఓపీకి పదమ్మా” అన్నారాయన. విజయనగరంలో ఆ పెంకుటింటి ఓపీ ఇప్పుడు లేదు, మాస్టారూ లేరు. ముప్పై ఏళ్ల సర్వీసు ముగిశాక కూడా స్పిరిట్ వాసన తగిలితే వైదేహికి ఆ ఉదయమే గుర్తొస్తుంది.

ఆ రోజు మొదట వచ్చినవాడు గూడ్స్ షెడ్డులో మూటలు మోసే కలాసీ, సింహాద్రి. ఎడమ భుజం వెనక నిమ్మకాయంత గడ్డ.

“నొప్పుందా?” అంది వైదేహి.

“నొప్పేటీ నేదమ్మా. మూటలు మోసీవోళ్లం, ఒరుసుకుపోయి కాసిందంతే. మా షెడ్డులో సగం మందికున్నాయి. బిళ్లేదైనా రాసిస్తే పోతాను, అవతల వ్యాగనొచ్చీసింది.”

ఆమె నొక్కి చూసింది. గడ్డ కాస్త గట్టిగానే తగిలింది గాని, మనిషి నిక్షేపంలా ఉన్నాడు. ‘బరువుల వల్ల వచ్చిన కొవ్వు గడ్డ’ అని చీటీ మీద రాసేసింది. అంత తేలిగ్గా తేల్చేసినందుకు లోలోపల మురిసిపోయింది కూడా.

మాస్టారు చీటీ చదివి పక్కన పెట్టారు. ఆసుపత్రి వంటశాల నుంచి సగం బియ్యం బస్తా తెప్పించి, “రోజూ ఎత్తినట్టే ఎత్తు నాయనా” అన్నారు. సింహాద్రి నవ్వుతూ వంగి, ఒక్క ఊపున బస్తాను కుడి భుజం మీద వేసుకున్నాడు.

“ఎడమ భుజం మీద ఎప్పుడైనా మోశావా?”

“ఆ పక్క నాకలవాటు నేదు బాబూ.”

బరువే మోయని భుజానికి బరువుల వల్ల గడ్డెలా వస్తుందని వైదేహి చీటీ అందుకుని తను రాసింది కొట్టేసింది. గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. పది రోజులకు రిపోర్టు వచ్చింది. కండల మధ్య పుట్టే అరుదైన క్యాన్సర్ అది, ఇంకా ఎక్కడికీ పాకలేదు. ఆ చీటీ పట్టుకుని ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఏడాది తిరిగేసరికి మనిషే దక్కేవాడు కాదు. మాస్టారే ఆపరేషన్ చేసి, ప్రాణంతో పాటు చేతినీ నిలబెట్టారు.

సింహాద్రి ఇంటికి వెళ్లిన రోజు వైదేహి ఉండబట్టలేక అడిగింది: “సార్, అతను ఎడమ భుజం మీదే మోసేవాడై ఉంటే?”

మాస్టారు చేతులు తుడుచుకుంటూ అన్నారు: “అప్పుడూ ముక్క పంపేవాణ్ణే, రిపోర్టు రాకుండా ఏ గట్టి గడ్డకూ భయం లేదని రాయను. బస్తా ఎత్తించింది అతని కోసం కాదమ్మా, నీ చీటీ కోసం.”