సొట్టబూరకు ధర కట్టినవాడు

వెనకటికి ఏటికీ కొండలకీ నడుమ ఒకానొక రాజ్యంలో ప్రచండసేనుడనే రాజు ఉండేవాడు. తనకు తెలియని విద్య లేదని తానే చెప్పుకునేవాడు. కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

ఒకనాడు ఆయుధశాలలో సొట్టలు పడ్డ పాత ఇత్తడి కొమ్ముబూరలు ఐదు ఆయన కంటబడ్డాయి.

"ఈ చెత్తంతా కరిగించి నా సింహాసనానికి కాలిపీట పోయించండి" అన్నాడు.

కోశాధికారి వాటిని త్రాసులో వేసి, "పాత ఇత్తడి ప్రభూ! తూకానికి మించి చిల్లిగవ్వ చెయ్యవు" అని వంత పాడాడు.

బూరలూదే పోలయ్య ఆ మాట విని, కొలువులో మాటకారి అయిన తిప్పన దగ్గరికి పరుగెత్తాడు. "ఏడు తరాలుగా మావాళ్లు ఊదిన బూరలయ్యా! వాటిని కొలిమిలో వేస్తే నన్నూ వేసినట్టే" అని బావురుమన్నాడు.

తిప్పన మనసు కలుక్కుమంది. కానీ సభలో కన్నీళ్లను తూచే త్రాసు ఏదీ? ఆ బూరల విలువెంతో నిజానికి తనకూ తెలియదు. ఏ వస్తువు ధరైనా అది అవసరపడ్డవాడు చెబితేనే నిజం అనుకున్నాడు. చాలాసేపు ఆలోచించి రాజు దగ్గరికి వెళ్లాడు.

"ప్రభూ, కరిగించే ముందు వాటికి ధర కట్టిద్దాం. రేపు తమరు కొండకోటకు వెళ్లివచ్చేదాకా గడువివ్వండి."

"సరే. తూకం కన్నా ఎక్కువ పలక్కపోతే కొలిమి తిత్తులు నువ్వే ఊదాలి!"

మర్నాడు రాజు కొండకోటకు బయలుదేరాడు. ఎప్పుడూ ముందు నడిచే పోలయ్యను వద్దని, కొత్త వెండిబూర పట్టించాడు. కొండెక్కేసరికి ఎండ మాడ్చేస్తోంది. కోట తలుపులు మూసి ఉన్నాయి. వెండిబూర తియ్యగా మోగింది. తలుపు కదల్లేదు.

బురుజు మీంచి కావలి నాయకుడు తొంగిచూశాడు. "ఆ కూత మాది కాదు. పొండి!"

"ఓరీ, నేను రాజునురా!"

"అట్టా చెప్పే ఎనకటికి శత్రువులు లోపలికొచ్చారు. సొట్టబూర బొంగురుకూత ఇనపడందే, కిరీటం కనపడినా తలుపు తియ్యొద్దని పెద్దరాజుగారి కట్టుబాటు. పోయినేడు మారాజే మళ్లీ గట్టిగా చెప్పారు. తీస్తే నా తల పోద్ది."

తన ఆజ్ఞే మరి! రాజుకు కక్కలేక మింగలేక అయింది. తాగే నీళ్లన్నీ కోట లోపలే ఉన్నాయి.

"తిప్పనా, ఆ పాత బూర ఏదిరా?"

"కొండ కింద పోలయ్య చేతికిచ్చి ఉంచాను ప్రభూ. దాని ధర తెలిస్తే పిలుస్తాను."

"ధరేమిటిరా! నాలుక పిడచగట్టుకుపోతోంది. అర్ధరాజ్యమైనా ఇస్తాను, ఊదమను!"

"చిత్తం. నాకు చేతకాని పని తమరు చేశారు" అంటూ తిప్పన ఉత్తరీయం విప్పి కిందికి ఊపాడు.

పోలయ్య రొప్పుతూ కొండెక్కి బూరెత్తాడు. ఆ బొంగురుకూత వినగానే తలుపులు తెరుచుకున్నాయి. రాజు రెండు చెంబుల నీళ్లు తాగి, తేరుకుని, విరగబడి నవ్వాడు.

"ఒక్క బూర అర్ధరాజ్యమైతే ఐదింటికీ చాలినంత రాజ్యం నాకు లేదురా! వాటిని బంగారు పెట్టెలో పెట్టి ఖజానాలో దాయించండి."

పోలయ్య ముఖం వాడిపోయింది. తిప్పన చేతులు జోడించాడు.

"పెట్టెలో పెడితే మళ్లీ తూకానికే వస్తాయి ప్రభూ. అక్కడ ఊదేవాడుండడు."

రాజు చిరునవ్వుతో బూరను రెండు చేతులా అందుకుని తిరిగి పోలయ్యకే ఇచ్చాడు. మిగతా నాలుగూ అతని వంశానికే అప్పగించి, మాన్యం రాయించాడు. తన శాలువా తీసి తిప్పనకు కప్పాడు.

ఆనాడు కొండ దిగుతూ పోలయ్య దారి పొడుగునా ఊదుతూనే ఉన్నాడు. చెవులు గింగురుమంటున్నా ఆపమనడానికి రాజుకు నోరు రాలేదు.