గవర్రాజు రాట్నం, ఎర్రగీత

మా తీర్థంలో రంగులరాట్నం తిప్పే గవర్రాజు కుటుంబానికి తమ తెలివి మీద మహా గర్వం. గవర్రాజు, పెళ్ళాం ఎర్రమ్మ, తమ్ముడు పోలయ్య, ముగ్గురూ ఎవరేం చెప్పినా పొల్లు పోకుండా చేస్తారు. చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు ఊళ్ళో ఇంకెవరున్నారని వాళ్ళే అడిగి, లేరని వాళ్ళే చెప్పుకుంటారు.

ఆ ఏడు రాట్నం మరీ జోరుగా తిరిగి పిల్లలు వాంతులు చేసుకున్నారు. ఆఫీసరు వచ్చి, అది ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే సెన్సరు సాయంత్రంలోగా పెట్టకపోతే రాట్నం విప్పించేస్తానన్నాడు. ముగ్గురూ బజారుకి పరిగెత్తారు. ఆ రాట్నమే వాళ్ళ కూడు.

కరెంటు సామాన్ల కొట్టు శేషగిరి ఓపిగ్గా చెప్పాడు. ఈ సెన్సర్లు ముఖ్యంగా మూడు రకాలట. పాతరకంలో చిన్న చక్రం గిర్రున తిరుగుతూ ఉంటుంది. దాన్ని పక్కకు తిప్పబోతే మొరాయిస్తుంది, ఆ మొరాయింపును బట్టి వేగం తెలుస్తుంది. ఫోన్లలో ఉండేదాంట్లో చిన్న రేకు వణుకుతూ ఉంటుంది, ఫోను తిరిగితే ఆ వణుకు పక్కకు మళ్ళుతుంది. విమానాల్లో వాడేదాంట్లో వెలుతురుని ఒకే గుండ్రటి దారిలో ఎదురెదురుగా పంపిస్తారు, అది తిరుగుతుంటే ఒక వెలుతురు ముందు, ఒకటి వెనక చేరతాయి.

"తిరగడం, వణకడం, పరిగెత్తడం. ఇందులో మనకి రానిదేవుంది?" అంది ఎర్రమ్మ. అంతే, ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

ముందు గవర్రాజు చక్రం అయ్యాడు. తిరిగే రాట్నం మీద నిలబడి, చేతులు చాపి బొంగరంలా తిరిగాడు. మొరాయించాల్సింది పోయి జీళ్ళ కొట్టు మీద పడ్డాడు. ఎంత వేగమని తమ్ముడడిగితే, జీళ్ళు బాగున్నాయన్నాడు.

ఇంకేముంది, పోలయ్య రేకు అయ్యాడు. వణుకు రావాలి గనక కడవెడు చల్లనీళ్ళు పోసి కొయ్యగుర్రానికి కట్టారు. గడగడా వణికాడు. రాట్నం తిరిగేసరికి వణుకు పక్కకు మళ్ళింది, గుర్రంతో సహా. ఇద్దరూ వెళ్ళి గాజుల దుకాణంలో తేలారు.

ఇక వెలుతురు. మొగుడూ పెళ్ళాం చెరో టార్చీ పట్టుకుని రాట్నం చుట్టూ ఎదురెదురుగా పరిగెత్తారు. దారి ఒకటే. ఎవరు ముందు చేరేదీ తేలకుండానే బుర్రలు ఢీకొన్నాయి.

సాయంత్రం ఆఫీసరు వచ్చి ఆ బొప్పులు చూసి జాలిపడ్డాడు, పాపం. తనే వేగం చూపే ముల్లున్న సెన్సరొకటి తెప్పించి రాట్నానికి బిగించాడు.

"ఈ ముల్లు ఎర్రగీత దాటిందో, రాట్నం విప్పించేస్తాను. దాటకుండా చూసుకుని తీర్థమయ్యేదాకా తిప్పుకోండి" అని టీ తాగడానికి వెళ్ళాడు.

ముగ్గురూ ముల్లు ముందు కూర్చున్నారు. ఎంత నెమ్మదిగా తిప్పినా అది ఎర్రగీత వైపే కదిలింది. రాట్నం పోతే ఏం తిని బతకాలని ఎర్రమ్మ ఏడ్చి ముక్కు చీదింది. అప్పుడు పోలయ్యకు ఆలోచన తట్టింది.

ఆఫీసరు తిరిగొచ్చేసరికి రాట్నం ఉండాల్సిన చోట కొయ్యగుర్రాలూ ఇనపరాడ్లూ గుట్టగా పడున్నాయి. గుట్ట మీద సెన్సరు.

"ఎవరు విప్పారయ్యా?" అన్నాడు నిర్ఘాంతపోయి.

"మేమే బాబుగారూ." గవర్రాజు చేతులు కట్టుకుని సంతోషంగా చెప్పాడు. "ముల్లు చూడండి, సున్నా దగ్గర్నుంచి వెంట్రుకవాసి కదల్లేదు. ఇంక మా రాట్నాన్ని విప్పించరు కదండీ?"