చివరి కుట్టు

ఓడలకు తెరచాపలే రెక్కలైన కాలంలో, సముద్రం పెట్టిందే కూడైన కాలంలో, ఒక రేవు ఉండేది. ఆ రేవులో లీనమ్మ అనే వైద్యురాలు ఉండేది. తండ్రి చీనా నుంచి వచ్చి తెరచాపలు కుట్టినవాడు. తల్లి పడమటి నుంచి వచ్చిన వలందా దొరల, అంటే డచ్చివాళ్ళ, ఆడపడుచు.

లీనమ్మ పొద్దున నాడి పట్టేది. సాయంత్రం కథలు రాసేది. ఆ కథల్ని ఓడలవాళ్ళు దేశదేశాలకు పట్టుకెళ్ళి చదువుకుని ఏడ్చేవాళ్ళు. ఏడ్చినవాళ్ళే ఆమె ఎదురైతే పక్కకు తప్పుకునేవాళ్ళు.

చీనావాళ్ళు, "నీ కళ్ళు మావే, ముక్కు మాది కాదు" అనేవాళ్ళు.

వలందావాళ్ళు, "నీ ముక్కు మాదే, కళ్ళు మావి కావు" అనేవాళ్ళు.

మనవాళ్ళు కళ్ళూ ముక్కూ చూడరు, కులం అడుగుతారు. చెప్పడానికి ఆమెకు కులం లేదు. అందుకని గడప బయటే కూర్చోబెట్టేవాళ్ళు. ఆమె ఇచ్చిన మందు మాత్రం దర్జాగా లోపలికి పోయేది.

ఒక ఏడు తుపాను వచ్చింది. నూకాలు అనే పడుచుపిల్ల మొగుడు చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. శవం దొరకనివాణ్ణి చచ్చాడనకూడదు ఆ రేవులో. రోజూ అతని కంచంలో కూడు పెట్టాలి, మర్నాడు దాన్ని సముద్రంలో కలపాలి. నూకాలు తన వంతు కూడు కూడా ఆ కంచంలోనే పెట్టసాగింది. "మొగుడంటే ఎంత ఇదో" అని పేటంతా మెచ్చుకుంది. మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ పిల్లను చంపుతున్నారని ఒక్కరికీ తోచలేదు. చివరికి నూకాలు చాప మీంచి లేవలేకపోయింది.

అప్పుడు అత్త పైడమ్మ లీనమ్మకు కబురు పెట్టింది.

"గడప దాటకమ్మా. అక్కడినుంచే సూడు."

"ఇక్కడికి నాడి అందదు కదా పైడమ్మా."

"దాని సెయ్యి నీ దగ్గరకి సాపిస్తానులే."

లీనమ్మ గడప ఇవతల కూర్చుని ఆ చెయ్యి పట్టుకుంది. జ్వరం లేదు. రోగం లేదు. బతకాలనీ లేదు. దానికి సంచిలో మందు లేదు. అందుకని కథ ఎత్తుకుంది.

"ఒక మనిషి మొగుణ్ణి వెతకడానికి పడవ కట్టింది. తెరచాప కుట్టింది. గాలి చింపేసింది. మిగతాది రేపు."

రెండో రోజు వచ్చింది. "రెండో తెరచాప కుట్టింది. ఆకలికి చేతులు వణికాయి. కుట్లు వంకరపోయి ఊడిపోయాయి. మిగతాది రేపు."

మూడో రోజు వచ్చింది. "ఈసారి కడుపునిండా తిని కూర్చుంది. మూడో తెరచాప కుట్టింది. ఇంకొక్క కుట్టు వేస్తే అయిపోతుంది. సూది ఎత్తింది. మిగతాది రేపు."

చాప మీంచి గొంతు లేచింది. "ఏసిందా?"

"గంజి తాగితే చెప్తాను."

నూకాలు తాగింది. ఆ రోజు కథలో దారం తెగింది. మర్నాడు సూది పోయింది. ఆ పై రోజు వాన పట్టుకుంది. రోజుకొక అడ్డం, రోజుకొక ముంత గంజి.

వంటింట్లోంచి పైడమ్మ అరిచింది. "అక్కడ గొణుగుతావేటి? నాకు ఇనపడి సావట్లేదు. లోపలికొచ్చి సెప్పు."

లీనమ్మ గడప దాటింది. ఆ రేవులో అదే మొదటిసారి.

నూకాలు లేచింది. వలలు అల్లింది. తన కంచంలో తను తింది. లీనమ్మ ఎన్ని ఊళ్ళు తిరిగినా రాత్రి కూటికి ఆ ఇంటికే వచ్చేది. ఏళ్ళు గడిచాయి. లీనమ్మ మంచాన పడింది.

పక్కన కూర్చుని నూకాలు అడిగింది. "ఇప్పుడైనా సెప్పు లీనమ్మా. ఆ కుట్టు ఏసిందా, లేదా?"

లీనమ్మ నవ్వింది. "రేపు."

తెల్లారేసరికి ఆమె లేదు.

చీనావాళ్ళు, "ముక్కు మాది కాదు" అని తమ శ్మశానంలో చోటివ్వలేదు. వలందావాళ్ళు, "కళ్ళు మావి కావు" అని తమ గోరీల్లో చోటివ్వలేదు. మనవాళ్ళు కులం అడగబోయారు. అప్పటికి చూపు పోయిన పైడమ్మ కర్ర పట్టుకుని గడపలో నిలబడింది.

"అది నా ఇంటి మనిషిరా. నా పెరట్లోనే పెడతాను. దాని మందు తాగనోడెవడైనా ఉంటే అడ్డం రమ్మనండి."

ఎవడూ అడ్డం రాలేదు.

ఇప్పటికీ ఆ రేవులో రోగిని చూడడానికి వచ్చినవాళ్ళు గడప బయట నిలబడరు. లోపలికెళ్ళి కూర్చుని కథ చెప్తారు. సగంలో ఆపి, మిగతాది రేపని లేచిపోతారు. తెరచాప కుట్టేవాళ్ళు మూలన ఒక కుట్టు వదిలేస్తారు. ఎందుకని అడిగితే, "అది లీనమ్మది. రేపొచ్చి ఏస్తాది" అంటారు.