సలోమమ్మ కుట్టిన పుస్తకం

అనగనగా ఒక కాలవ. కాలవకి ఇవతల ఒక పాలెం, అవతల ఒక ఇసుక దిబ్బ. ఎప్పటి మాట అని మాత్రం అడక్కండి. పాలెం వాళ్లు ఊరందరికీ చెప్పులు కుట్టి, తాము ఉత్త కాళ్లతో నడిచిన కాలం నాటి మాట.

ఆ పాలెంలో తాటాకు కప్పిన ప్రార్థన గుడిసె ఒకటి ఉండేది. గుడిసెలో ఒక బల్ల. బల్ల మీద ఒక పుస్తకం. పాలెం మొత్తానికి అదొక్కటే పుస్తకం. ఎవరో దొర పడవలో తెచ్చి ఇచ్చి, అదే పడవలో వెళ్లిపోయాడట. దాన్ని చదవగలిగినవాడు కూడా ఒక్కడే. సంఘ పెద్ద జెకరయ్య.

ఒకటే పుస్తకం, ఒకటే నోరు. ఇక చూడండి.

ఎవరి మీదైనా అనుమానం వస్తే జెకరయ్య ఒక తాటాకు ముక్క తీసి వాళ్ల చేతికిచ్చేవాడు. వాళ్లు కళ్లు మూసుకుని, మూసి ఉన్న పుస్తకంలో ఆ ముక్కని దూర్చాలి. అది ఎక్కడ దిగితే అక్కడ పుస్తకం తెరిచి, ఆ పుటలోని వాక్యం చదివేవాడు. అదే తీర్పు. దీన్ని ఆకు వేయడం అనేవాళ్లు.

ఆకు మూడే మూడు చోట్ల పడేది. ఒకచోట కత్తి వాక్యం. ఒకచోట చేటతో పొట్టు చెరిగే వాక్యం. ఒకచోట ఎండు కొమ్మల్ని నిప్పుల్లో పారేసే వాక్యం. ఇన్ని వందల పుటలున్న పుస్తకంలో ఆకు మూడు చోట్లే ఎందుకు పడుతుందని ఎవరూ అడగలేదు. అడిగినవాళ్ల చేతికే కదా ఆ తాటాకు వచ్చేది!

మొదట ముసలి లూకయ్య వంతు వచ్చింది. ఊళ్లో జాతరకి డప్పు కొట్టాడని నేరం.

"ఆకలికి కొట్టాను పెద్దయ్యా, మొక్కుకి కాదు" అన్నాడు లూకయ్య.

"ఆ సంగతి పుస్తకం చెబుతుంది. వెయ్యి ఆకు."

ఆకు పడింది. మాట పడింది. తల వంగింది.

కత్తి వాక్యం. లూకయ్యని కాలవ దాటించేశారు. ఇసుక దిబ్బ మీద గొడుగంత పాక వేసుకున్నాడు. అతన్ని ఎవరూ పలకరించకూడదు, ఎవరూ ముద్ద పెట్టకూడదు.

తర్వాత రాహేలు వంతు వచ్చింది. జ్వరం తగిలిన బిడ్డ మెడలో నల్లతాడు కట్టిందని నేరం.

"తాడుకి తగ్గలేదు పెద్దయ్యా, కషాయానికే తగ్గింది. ఒట్టు" అంది రాహేలు.

"కషాయానికి తగ్గితే తాడెందుకు కట్టావు? వెయ్యి ఆకు."

ఆకు పడింది. మాట పడింది. తల వంగింది.

చేట వాక్యం. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల దగ్గరికి రావద్దని రాహేలుని ఆపేశారు. గుమ్మం అవతల చాప వేసుకుని కూర్చోమన్నారు. పొట్టు కదా మరి, గింజల్లో కలవకూడదు.

అప్పటినుంచి పాలెంలో అనుమానం అంటుజాడ్యంలా పాకింది. ఒకరింట్లో సాంబ్రాణి వాసన వస్తే పక్కింటి ముక్కు లేచేది. ఒకరు తుమ్మి ఏదో గొణిగితే ఏ దేవుడి పేరు తలిచారా అని ఎదురింటి చెవి నిక్కేది. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకునేవాళ్లు. ఎవరు మూసుకోలేదో చూడడానికి అందరూ ఒక కన్ను తెరిచేవాళ్లు.

సలోమమ్మ ఆ పాలెంలోనే ఉండేది. చెప్పులు కుట్టే ముసలిది. మొగుడు పోయాడు, కొడుకు పోయాడు. మొగుడి ఆరె మిగిలింది, కొడుకు పెళ్లాం ఏస్తేరు మిగిలింది. ఆరె అంటే తోలుకి బెజ్జం పొడిచే ఇనప ముల్లు. ఆరె కడుపు నింపేది, ఏస్తేరు ఇల్లు నింపేది. ఆ రెండూ తప్ప సలోమమ్మకి ఈ లోకంలో ఇంకేమీ లేదు.

అలాంటి సలోమమ్మకి కూడా అనుమానం వచ్చింది. ఎవరి మీద? ఏస్తేరు మీదే. రోజూ పొద్దు పొడిచేసరికి కోడలు గంప మీద గుడ్డ కప్పుకుని కాలవ వైపు పోతోంది. తిరిగొచ్చేసరికి చీర అంచు తడిసి ఉంటోంది. మొదటి రోజు గడ్డికనుకుంది. రెండో రోజు పిడకలకనుకుంది. మూడో రోజు ఏమీ అనుకోలేదు. వెనకాలే వెళ్లింది.

ఏస్తేరు మోకాలి లోతు నీళ్లలో కాలవ దాటింది. దిబ్బ ఎక్కింది. పాక ముందు గంప దించి గుడ్డ తీసింది. గంపలో గంజి ముంత, రెండు ఉల్లిపాయలు. ముసలి లూకయ్య కాలు పుండు పడి లేవలేకపోతున్నాడు. ఏస్తేరు పుండు కడిగి, ముంత అందించింది.

సలోమమ్మ కోడలితో పాటే వెనక్కి మళ్లింది. దారిలో అడిగింది.

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"చెబితే నువ్వు కూడా నా చేతికి ఆకు ఇప్పిస్తావేమోనని, అత్తా."

ఆ మాట సలోమమ్మకి ఆరెలా దిగింది.

కానీ వెనకాల వెళ్లింది సలోమమ్మ ఒక్కతే కాదు. రాహేలు కూడా చూసింది. "ఎవరి తప్పైనా పట్టిస్తే నిన్ను మళ్లీ బల్ల దగ్గరికి రానిస్తాను" అని జెకరయ్య ఆమెకి ఆశ పెట్టి ఉన్నాడు. రాహేలు పరుగెత్తుకెళ్లి చెప్పింది.

"ఏస్తేరు దిబ్బ మీదికి పోతోంది పెద్దయ్యా. గంపలో ఏముందో, మనసులో ఏముందో నాకైతే తెలీదు."

తెలీకనా! గంజి వాసన కాలవ ఇవతలికే కొడుతోంది.

ఆ వారమే పుస్తకం అట్ట ఊడిపోయింది. జెకరయ్య దాన్ని గుడ్డలో చుట్టుకుని సలోమమ్మ గడప దగ్గరికి తెచ్చాడు. తోలు కుట్టడంలో పాలెం మొత్తానికి ఆమె చెయ్యే మంచిది.

"ఆదివారం నీ కోడలికి ఆకు వేయాలి. ఈలోగా కొత్త తోలు వేసి గట్టిగా కుట్టు" అన్నాడు.

"నా కోడలి మెడకి ఉరి నన్నే పేనమంటున్నారా పెద్దయ్యా?"

"పుస్తకాన్ని ఉరి అంటావా? జాగ్రత్త. ఒక్క పుట పోయినా ఊరుకోను. రోజూ వచ్చి చూస్తాను."

సలోమమ్మకి అక్షరం ముక్క రాదు. కానీ అరిగిన చెప్పు చేతికిస్తే, దాన్ని తొడిగినవాడు ఎటు ఒరిగి నడుస్తాడో చెప్పేస్తుంది. పుస్తకాన్ని కూడా చెప్పులాగే తిప్పి చూసింది. మూడు చోట్ల కుట్టు దారం తెగిపోయి ఉంది. ఆ మూడు చోట్లే పుటల అంచులు బొటనవేలి జిడ్డుతో నల్లబడ్డాయి. మిగతా అంచులన్నీ పాలలా తెల్లగా ఉన్నాయి.

పుస్తకాన్ని వెన్ను మీద నిలబెట్టి చేతులు వదిలేసింది. నల్లటి చోట తెరుచుకుంది. మళ్లీ నిలబెట్టింది. ఇంకో నల్లటి చోట. మూడోసారి నిలబెట్టింది. మూడో నల్లటి చోట.

"ఓహో," అనుకుంది సలోమమ్మ. "పెద్దయ్య ఒరిగి నడిచేది ఇటన్నమాట."

మర్నాడు జెకరయ్య వచ్చాడు. సలోమమ్మ తెల్లటి అంచున్న ఒక చోట వేలు పెట్టి అడిగింది.

"ఇక్కడేముంది పెద్దయ్యా?"

"కరువులో ఒక విధవరాలు. ఇంట్లో ఆఖరి గుప్పెడు పిండి. వాకిట్లోకొచ్చిన పరదేశికి దాంతో రొట్టె కాల్చి పెట్టింది."

"మంచి మాటే. మరి ఇదెప్పుడూ పడలేదేం?"

"దేవుడి చిత్తం. ఎప్పుడూ పడలేదు."

జెకరయ్య అబద్ధమాడలేదు. అదే అసలు చిక్కు. ఆ పుస్తకాన్ని తన వేలే ఆ మూడు చోట్ల విరగ్గొట్టిందని ఆయనకి నిజంగా తెలీదు.

సలోమమ్మ మూడు రోజులు కుట్టింది. దారానికి మైనం పట్టించింది. నల్లటి చోట్లు మూడూ బిగించి కుట్టింది. విధవరాలి పుట దగ్గర మాత్రం దారం వదులుగా వదిలేసింది. ఏస్తేరు వెళ్లిపోయిన ఇల్లు తలుచుకుంది. ముడి వేసేసింది.

ఆదివారం వచ్చింది. పాలెమంతా గుడిసెలో కూర్చుంది. రాహేలు గుమ్మం అవతల చాప మీద కూర్చుంది. ఏస్తేరు కళ్లు మూసుకుని తాటాకు దూర్చింది.

ఆకు పడింది. మాట పడింది. తల మాత్రం వంగలేదు.

జెకరయ్య పుటని చూశాడు, కళ్లు నులుముకున్నాడు, మళ్లీ చూశాడు. విధవరాలి సంగతి చదివాడు. గుడిసెలో గుసగుసలు లేచాయి.

"గంజి పోసినందుకు పుస్తకమే మెచ్చుకుంది!"

"మన ఏస్తేరు బంగారమే!"

సలోమమ్మ ఊపిరి పీల్చుకుంది. కథ అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! కానీ వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది.

"బంగారం లాంటి పిల్ల మీద చాడీ చెప్పిందెవరు? ఆ రాహేలుకి వెయ్యండి ఆకు!"

"వెయ్యండి! కాలవ దాటించండి!"

నిన్న ఏస్తేరుని అనుమానించిన కళ్లే అవి. ఇప్పుడు గుమ్మం వైపు తిరిగాయి. రాహేలు బిడ్డని పొట్టకి హత్తుకుని వెనక్కి జరిగింది.

సలోమమ్మకి అర్థమైంది. తను దారం మార్చింది కానీ ఆకు అలాగే ఉంది. నోరు మూసుకుంటే కోడలు దక్కుతుంది. నోరు విప్పితే ఏమవుతుందో తెలీదు. లేచి నిలబడింది.

"ఆ ఆకుని నమ్మకండి. పుస్తకం అక్కడ తెరుచుకునేలా నేనే కుట్టాను."

సలోమమ్మ బల్ల దగ్గరికెళ్లి, పుస్తకాన్ని వెన్ను మీద నిలబెట్టి వదిలేసింది. విధవరాలి పుట. మళ్లీ వదిలింది. విధవరాలి పుట. మూడోసారీ అదే.

"ఎవరూ ఆకు వేయలేదు. ఎవరి మీదా నేరం లేదు. మరి ఇప్పుడెవరికి చెప్పింది తీర్పు?" అంది. "మొన్నటిదాకా నల్లబడ్డ మూడు చోట్ల తెరుచుకునేది. అంచులు చూడండి, ఆ జిడ్డు ఎవరి బొటనవేలిదో కొలుచుకోండి."

జెకరయ్య తన బొటనవేలి వంక చూసుకున్నాడు. గుప్పిట మూసేశాడు.

"దొంగ కుట్టు వేశావు! నీ కోడలి తీర్పు చెల్లదు!"

"సరే పెద్దయ్యా. నా చెయ్యి పడిందని ఇది చెల్లకపోతే, మీ చెయ్యి పడిన లూకయ్య తీర్పు చెల్లదు, రాహేలు తీర్పూ చెల్లదు. అవి చెల్లుతాయంటారా, అయితే ఇదీ చెల్లుతుంది. ఏది కావాలో మీరే చెప్పండి. చదువుకున్నవారు."

జెకరయ్య పుస్తకం మూసేశాడు. ఎటు చెప్పినా ఏస్తేరుకి చోటుంది. ఎటు చెప్పినా తనకి మాట లేదు.

ముందుగా ఏస్తేరు కదిలింది. గుమ్మం అవతలికెళ్లి రాహేలు చెయ్యి పట్టుకుంది.

"లోపలికి రా వదినా. బిడ్డకి ఎండ తగులుతోంది."

ఆ సాయంత్రమే నలుగురు మగాళ్లు కాలవ దాటి లూకయ్యని మంచం మీద మోసుకొచ్చారు. అడిగినవాళ్లు లేరు, ఆపినవాళ్లు లేరు.

కానీ ఎవరో ఒకరిని బయట కూర్చోబెట్టకపోతే జెకరయ్య పెద్దరికం ఏమైపోవాలి? "పుస్తకంలో మాయ కుట్టు వేసింది. బల్ల దగ్గరికి రాకూడదు" అన్నాడు సలోమమ్మని. ఈసారి ఆకు వేయలేదు. తన నోటితోనే చెప్పాడు.

"అదీ మాట," అంది సలోమమ్మ. "మీ మాట మీదేనని ఒప్పుకున్నారు. అంతే చాలు." వెళ్లి రాహేలు వదిలిన చాప మీద కూర్చుంది.

చచ్చేదాకా ఆ చాప మీదే కూర్చుంది. నెలకోసారి బల్ల పంచినప్పుడు లూకయ్య తన రొట్టెలో సగం తుంచి తెచ్చి ఆమె చేతిలో పెట్టేవాడు. తర్వాతి నెల రాహేలు. ఆ తర్వాతి నెల ఇంకొకరు. జెకరయ్య చూసేవాడు, చూడనట్టుండేవాడు.

సలోమమ్మ పోయింది. బల్లకి దూరమైన మనిషిని సమాధుల తోటలో పెట్టవచ్చా, కంచె బయట పెట్టాలా అని గొణుగుడు మొదలైంది. జెకరయ్య అప్పటికి ముసలివాడైపోయాడు. పుస్తకం పట్టుకుని శవం దగ్గరికొచ్చాడు. అందరూ పుస్తకం వంకే చూశారు. ఏ వాక్యం చదువుతాడో!

"ముందు దాన్ని వెన్ను మీద పెట్టి వదలండి పెద్దయ్యా," అంది రాహేలు.

జెకరయ్య వదిలాడు. విధవరాలి పుట. జనం వంగి చూశారు. ఒకప్పుడు పాలలా ఉన్న ఆ పుట అంచు బొటనవేలి జిడ్డుతో నల్లగా మెరుస్తోంది.

ఏస్తేరు ఆకు వేసిన రోజు తప్ప ఆదివారాల్లో ఆయన ఆ పుట ఎప్పుడూ చదవలేదు. మరి ఎప్పుడు చదివాడు? ఎవరూ చూడకుండా ఎన్నిసార్లు చదివాడు? పుస్తకం తెరుచుకున్నది సలోమమ్మ దారానికా, జెకరయ్య వేలికా? ఈనాటికీ తేలలేదు. తేల్చుకుందామని ఎవరూ ఆకు వేయలేదు.

"తోటలోనే తవ్వండి," అన్నాడు జెకరయ్య. "నడిమధ్యన."

ఇప్పుడు ఆ పాలెంలో ఇంటింటికీ పుస్తకం ఉంది, ఇంటింటికీ చదివే నోరుంది. బల్ల మీద రొట్టె పక్కన ఒక పాత ఆరె ఉంటుంది. గుమ్మం అవతల ఎప్పుడూ ఒక ఖాళీ చాప పరిచి ఉంటుంది. ఎవరైనా వాక్యం చేతపట్టుకుని ఎదుటివాళ్ల మీదికి లేస్తే, ఏదో ఒక మూలనుంచి ఒక ఆడగొంతు అందుకుంటుంది.

"ముందు నీ పుస్తకాన్ని వెన్ను మీద పెట్టి వదులు నాయనా. నీ బొటనవేలు ఎక్కడుందో చూద్దాం."

అప్పుడు లేచినవాడు తన పుస్తకం అంచుల వంక చూసుకుంటాడు. చాలాసార్లు, మాట్లాడకుండా వెళ్లి, ఆ చాప మీద తనే కూర్చుంటాడు.